వాడిన నీరు – వాడని తోట

వేసవి ప్రవేశించగానే మన టౌన్‌షిప్‌లలో మొదట సన్నగిల్లేది కుళాయి ధార. వెనువెంటనే వడలిపోయేది పెరటి తోట. తాగునీటికే కొరత ఏర్పడినప్పుడు మొక్కలకు మంచినీరు పోయడానికి ఎవరికీ మనస్కరించదు. అలాగని ఏళ్ల తరబడి పెంచుకున్న నిమ్మ, మామిడి, మల్లె కళ్లెదుటే ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవడమూ కష్టమే. ఈ సందిగ్ధానికి పరిష్కారం చాలావరకు మన స్నానాల గది తూము దగ్గరే ఉన్నది.

నీటి కొరత ఎంత దూరం పోగలదో 2019లో చెన్నై మహానగరం మనకు చూపించింది. నగరానికి నీరందించే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు అడుగంటాయి. ఆ ఏడాది జూలై 12న జోలార్‌పేట నుండి 25 లక్షల లీటర్ల నీరు రైలులో తరలివచ్చింది. నీరు రైలెక్కి రావలసిన రోజులు వచ్చినా, ఇంట్లో ఒకసారి వాడిన నీటిని కాలువ పాలు చేసే అలవాటును మాత్రం మనం ఇంకా వదులుకోలేదు.

ఇంటి లెక్క

పట్టణ గృహావసరాలకు మన దేశంలో మనిషికి రోజుకు 135 లీటర్లను ప్రమాణంగా తీసుకుంటారు. ఇంజినీర్ల విభజన ప్రకారం ఇందులో స్నానానికి 55, బట్టలు ఉతకడానికి 20, మరుగుదొడ్డికి 30, ఇల్లు కడగడానికి 10, పాత్రలు తోమడానికి 10, వంటకు 5, తాగడానికి 5 లీటర్లు. అంటే స్నానానికి, ఉతుకుకు వాడిన నీరే మనిషికి 75 లీటర్లు. నలుగురున్న ఇంటికి 300 లీటర్లు. సబ్బు అధికంగా ఉన్న భాగాన్ని విడిచిపెట్టినా 200 లీటర్లు మిగులుతాయి. ఎండాకాలంలో చదరపు మీటరు తోటకు రోజుకు సుమారు 5 లీటర్లు అవసరమనుకుంటే, 40 చదరపు మీటర్ల పెరటికి ఇది చాలు.

మారినది నీటిలోని సరుకు

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. నూతి గట్టు నుండి చిన్న కాలువ తీసి అరటి పాదుకు, చేమ మడికి, కొబ్బరి మొదలుకు నీరు మళ్లించడం మన పెద్దలు ఎరిగినదే. అయితే వారు వాడినవి కుంకుడుకాయ, సున్నిపిండి. నేడు మనం వాడుతున్నది డిటర్జెంటు పొడి. అందులో సోడియం లవణాలు అధికం. సోడియం క్రమంగా పేరుకుంటే బంకమట్టి రేణువుల అమరిక చెదిరి, నేల పైపొర బిగుసుకుపోతుంది. పోసిన నీరు ఇంకదు. నల్లరేగడి నేలల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. నీరు ఆదా చేశామని సంతోషిస్తుండగానే నేల చెడిపోవచ్చు. కనుక ఏ నీటిని పోయాలో తెలుసుకోవడం, నీటిని దాచడమంత ముఖ్యమైనది.

బట్టలు ఉతికిన మొదటి సబ్బు నీటిని కాలువలోకే విడిచి, జాడించిన నీటిని తోటకు మళ్లించాలి. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు కలిసిన నీరు, పసిపిల్లల మలినవస్త్రాలు ఉతికిన నీరు, అంటువ్యాధిగ్రస్తుల బట్టల నీరు తోటకు పనికిరావు. పాత్రలు తోమిన నీటిలోని జిడ్డు, మెతుకులు దుర్వాసనకు, ఎలుకలకు తావిస్తాయి; కనుక దానినీ మినహాయించడం మేలు. మరుగుదొడ్డి నీటి మాట తలపెట్టనే కూడదు.

పోసే విధానం

వెంట్రుకలు, పీచు చిక్కుకునేలా తూముకు గుడ్డ కట్టి వడకట్టాలి. ఏ రోజు నీరు ఆ రోజే వాడెయ్యాలి. నిలవ ఉంచితే కుళ్లి కంపు కొడుతుంది, దోమలు పెరుగుతాయి. నీటిని ఆకులపై చల్లక, మొదట్లో పాదు చేసి ఎండుటాకులు పరచి, వాటి కిందికి ఇంకేలా పోయాలి. అరటి, కొబ్బరి, మామిడి, మెట్టతామర, పూలమొక్కలకు ఇది తగినది. పచ్చిగా తినే ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర వంటి వాటికి, లేత నారుకు, కుండీలకు మంచినీరే పోయాలి. వర్షాకాలంలో ఈ నీటిని ఆపివేస్తే, పేరుకున్న లవణాలను వాన కడిగివేస్తుంది.

పెద్ద ఎత్తునా ఇది సాధ్యమే. మధ్యప్రదేశ్‌లోని ధార్, ఝాబువా జిల్లాల ఆశ్రమ పాఠశాలలలో విద్యార్థుల స్నానపు నీటిని తేర్చి, కంకర, ఇసుక పొరల గుండా వడకట్టి మరుగుదొడ్లకు, తోటలకు వినియోగించారు. ఆ అనుభవం ఆధారంగా నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, యూనిసెఫ్ కలిసి 2007లో ఒక మార్గదర్శికను వెలువరించాయి. మన హాస్టళ్లకు, అతిథి గృహాలకు ఇది అనుసరణీయం.

క్వార్టర్లలో గొట్టాలు ఉమ్మడివి గనుక, వాటిని మార్చదలచినవారు ముందుగా సివిల్ విభాగం అనుమతి తీసుకోవాలి. అంతవరకు వాషింగ్ మెషీను గొట్టం కింద ఒక బకెట్, స్నానాల గదిలో ఒక తొట్టి చాలు. పై అంతస్తులలో ఉన్నవారు ఆ నీటిని కింది ఉమ్మడి తోటకు ఇవ్వవచ్చు.

మనమందరం ఒకే ట్యాంకు నీటిని పంచుకుంటున్నాము. మన తోటకు పోయక మిగిల్చిన ప్రతి బిందె మంచినీరూ వీధి చివరి ఇంటి వంటగదికి చేరుతుంది. ఈ వేసవిలో మన మొక్కలతో పాటు ఆ చివరి కుళాయిని కూడా కాపాడుకుందాము.