రోజూ పావుగంట నిలబడి మాట్లాడుకుంటే

"అన్నా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో రోజంతా ఏం చేస్తారు?" అని కిందటేడు హాస్టల్‌కి వచ్చినప్పుడు టెన్త్ తమ్ముడొకడు అడిగాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటారని చెప్పి తప్పించుకున్నాను. సరైన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఎంసిఎ ఆఖరి సెమిస్టర్‌లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఆరు నెలలు ట్రైనీగా ఉన్నాను. అక్కడ నేర్చుకున్నదాంట్లో ప్రోగ్రాములు సగమే. మిగతా సగం "ఎజైల్" అనే పని పద్ధతి. ఎజైల్ అంటే చురుకైన, ఎటు కావాలంటే అటు తిరగగలిగిన అని అర్థం.

పూర్వం సాఫ్ట్‌వేర్‌ని ఇల్లు కట్టినట్టు చేసేవారు. ముందు అవసరాలన్నీ రాసుకోవడం, తర్వాత ప్లాను, తర్వాత ప్రోగ్రాము, చివర పరీక్ష. దీనికి "వాటర్‌ఫాల్" అని పేరు. జలపాతంలో నీరు వెనక్కి ఎక్కదు కదా! 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే ఆయన ఈ వరసను బొమ్మ గీసి చూపిస్తూ, ఇది ఉన్నదున్నట్టు చేస్తే ప్రమాదమని ఆ వ్యాసంలోనే రాశారు. చాలామంది బొమ్మ తీసుకుని హెచ్చరిక వదిలేశారు. ఏడాది కష్టపడి తీసుకెళ్తే కొన్నవాడు "నేనడిగింది ఇది కాదు" అనడం మామూలైపోయింది.

మన ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేరాల్సిన రేవు మారదు. కానీ నీరు తగ్గి ఇసుక మేటలు వేస్తే పడవ నడిపే ఆయన నిన్నటి దారి పట్టుకుని కూర్చోడు, నీటిని చూసి తిప్పుకుంటాడు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఒక చిన్న ప్రకటన రాశారు. కాగితాలకంటే పనిచేసే ప్రోగ్రాము, ముందు వేసుకున్న ప్లానుకంటే మార్పుకి తగ్గట్టు నడవడం ఎక్కువ విలువైనవని దాని సారాంశం. ప్లాను అక్కర్లేదని మాత్రం వాళ్లు అనలేదు. ఈ ముక్క మరిచిపోయి "మాది ఎజైల్" అంటూ ఏమీ రాసుకోకుండా పనిచేసేవాళ్లూ ఉన్నారు.

ఇందులో ఎక్కువమంది వాడేది "స్క్రమ్". అది రగ్బీ ఆటలో మాట. ఆటగాళ్లు ఒకరినొకరు పట్టుకుని గుంపుగా తోస్తారు, మన కబడ్డీలో గొలుసు పట్టినట్టన్నమాట. జట్టులో పదిమందికి మించరు. పనిని చిన్న ముక్కలు చేసి, సాధారణంగా రెండు వారాల్లో అయ్యేంత తీసుకుంటారు. ఆ రెండు వారాలకి "స్ప్రింట్" అని పేరు. చివర్లో అయినంతవరకూ కొన్నవాళ్లకి చూపిస్తారు. తప్పుంటే రెండు వారాల పనే పోతుంది, ఏడాది పని పోదు.

రోజూ 15 నిమిషాలు మించకుండా ఒక మీటింగు ఉంటుంది. చాలా జట్లు నిలబడే మాట్లాడుకుంటాయి, కూర్చుంటే కబుర్లు పెరుగుతాయని. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఎక్కడైనా ఆగిపోయావా అని మూడు ప్రశ్నలు. నన్ను ఏడిపించింది ఆ మూడోదే.

మా జట్టు షాపుల బిల్లింగ్ ప్రోగ్రాము చేసేది. అమెరికా వాళ్లతో ఫోను ఉండేది. ఇక్కడ సాయంత్రం 7 అయితే న్యూయార్కులో వేసవిలో ఉదయం 9:30. టెన్త్ దాకా తెలుగు మీడియం నాది, ఆ ఇంగ్లీషు వింటే గొంతు ఎండిపోయేది. నాకిచ్చిన పనిలో బిల్లు తేదీలు తారుమారవుతున్నాయి. మే 4 కాస్తా ఏప్రిల్ 5 అవుతోంది. మూడు రోజులు మూడో ప్రశ్నకి "ఏం లేదు, జరుగుతోంది" అన్నాను. తెలియదంటే ఇంటికి పంపేస్తారని భయం. నాలుగోరోజు పక్క సీటు సీనియర్ మేడమ్ చూసి, అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారని చెప్పారు. పది నిమిషాల్లో సరిపోయింది. కానీ నా వెనక ఇంకో ఇద్దరి పని ఆగి ఉంది. ఆ స్ప్రింట్‌లో బిల్లు పేజీ చూపించలేకపోయాం.

స్ప్రింట్ అయ్యాక ఇంకో మీటింగు పెడతారు. దాన్ని "రెట్రోస్పెక్టివ్" అంటారు. తప్పెవరిదని కాదు, పద్ధతిలో ఏం మార్చాలని మాట్లాడతారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. సగం రోజు దాటి ఎవరు ఆగిపోయినా చెప్పి తీరాలని మాత్రం బోర్డు మీద రాశారు. ఆ రాత్రి రూముకెళ్లి ఏడ్చాను, అవమానంతో కాదు. తర్వాత నెలలో ఫోనులో నేనే అడిగాను, నా వచ్చీరాని ఇంగ్లీషులోనే: "రద్దుచేసిన బిల్లు నంబరు మళ్లీ వాడొచ్చా?" అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ సంగతి వాళ్లూ ఆలోచించలేదట. వాడకూడదని రెండ్రోజులకి కబురు వచ్చింది.

ఈ పద్ధతి అన్నిచోట్లా ఇంత బాగా నడవదు. కొన్నిచోట్ల నిలబడే మీటింగు హాజరు పట్టీలా మారిపోతుందని స్నేహితులు చెబుతారు. తెలియదన్నవాడిని చులకన చేసే జట్టులో ఏ పద్ధతి పెట్టినా అందరూ "జరుగుతోంది" అనే అంటారు.

తమ్ముళ్లూ, కంప్యూటర్ లేకుండానే మన స్టడీ అవర్‌లో దీన్ని చేసి చూడొచ్చు. ఒక చార్టుకి మూడు గళ్లు: చదవాలి, చదువుతున్నాం, అయింది. లెక్కల పాఠాలు చీటీల మీద రాసి అంటించండి. రోజూ ఆరేడుగురు నిలబడి ఎవరికి ఏ లెక్క రావడం లేదో చెప్పుకోండి. ముందు పెద్ద తరగతివాళ్లే మొదలుపెట్టాలి, లేకపోతే చిన్నవాళ్లు నోరు విప్పరు. చార్టు, స్కెచ్ పెన్నులు నేను తెచ్చిస్తాను.