బతుకమ్మ రోడ్డెక్కిన కాలం

తాంబాలంలో గుమ్మడాకు పరిచి తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలు వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపితే బతుకమ్మ సిద్ధం. తెల్లని గునుగుకు రంగులద్దుతారు. వరస జారకుండా నడిమి ఖాళీలో ఆకులు, కాడలు తుంచి కూరుతారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సాగే ఈ పండుగను తెలంగాణ ఆడపిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అమ్మమ్మ పక్కన కూర్చుని, చూసి నేర్చుకుంటారు.

ఆట తీరు చూడండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అంటూ అందుకుంటారు. పాట రానివాళ్లు కూడా మొదటి చుట్టులోనే గొంతు కలపగలరు. చరణంలో సీతమ్మ కష్టాలున్నా, అత్తింటి ఆరళ్లున్నా అందుకునే మాట అదే. అందుకే కొత్త కబురు ఇందులో ఇట్టే ఇమిడిపోతుంది. ఈ ఒడుపు ఉద్యమాలకు పాతదే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కవి సుద్దాల హనుమంతు కూడా జనానికి తెలిసిన గొల్లసుద్దుల కళారూపాన్నే ఎంచుకున్నారు.

ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ సిబ్బంది పని ఆపేశారు. 42 రోజుల ఆ సమ్మె నడుమే బతుకమ్మ వచ్చింది. చెరువు గట్టున ఆడే ఆట కూడళ్లకు, దీక్షా శిబిరాలకు చేరింది. ‘ఉయ్యాలో’ పక్కన ‘జై తెలంగాణ’ చేరింది.

నీళ్లు, నిధులు, నియామకాల డిమాండ్లు పండుగ పుట్టించినవి కావు. వాటి వెనక దశాబ్దాల అసంతృప్తి ఉంది. కానీ సభకు రమ్మంటే వెనకాడే ఇల్లాలు బతుకమ్మ ఎత్తుకుని పిల్లలతో, వాడకట్టు ఆడవాళ్లతో కలిసి వచ్చింది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏ పార్టీ శిక్షణా ఇంత తొందరగా వేలమందిని ఒక్క లయలోకి తేలేదు. వంటావార్పూ అలాంటిదే. జాతరకు వెళ్లి రాళ్ల పొయ్యి మీద వండుకు తినే అలవాటున్న జనం నడిరోడ్డు మీద అదే పొయ్యి వెలిగించి రాకపోకలు ఆపారు.

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది.

అయితే ఊరి బతుకమ్మ ఒకచోట, దళితవాడ బతుకమ్మ మరోచోట ఆడే అలవాటు కొన్ని పల్లెల్లో ఉండేది. కూడలిలో అందరూ ఒకే చుట్టుగా తిరిగినప్పుడు ఆ గీత కొంత చెరిగింది. చెరువు గట్టు మీద కూడా అది పూర్తిగా చెరగాలి.