ఆటలలో మోకాలి గాయములు - వాని నివారణము

సాయంకాలమున బడిగంట మ్రోగగానే మన బళ్ళారి సీమలోని ఆటస్థలములు కబడ్డీ కూతలతోను, ఖోఖో కేకలతోను నిండిపోవును. ఆటలు దేహమునకు బలమును, మనస్సునకు ఉల్లాసమును ఇచ్చునని యెల్లరు ఎరిగినదే. అయినను ఒక్క క్షణములో మోకాలు మెలిపడి, మాసములతరబడి కుంటవలసివచ్చిన పిల్లలును కలరు. ఆ గాయము ఎట్లు కలుగునో, దానినెట్లు తప్పించుకొనవచ్చునో ఇచట వివరింపదలచితిమి.

తొడ ఎముకయు, క్రింది కాలి ఎముకయు కలియు చోటు మోకాలు. ఈ రెంటిని బిగించి పట్టుకొనునవి నాలుగు గట్టి నారపట్టీలు. వీనినే లిగమెంట్లు అందురు. రెండు ఇరుప్రక్కల నుండును. రెండు కీలు లోపల ఒకదానినొకటి అడ్డముగా దాటుచుండును. ఆ లోపలివానిలో ముందుది క్రింది ఎముక ముందునకు జారకుండ కాపాడును. ఆటలలో తరచు తెగునది ఇదియే. పూర్తిగా తెగినచో తనంతట తాను అతుకుకొనుట అరుదు.

ఎదుటివాడు తన్నుటచేతనే ఇది తెగునని పలువురు తలంతురు. అది సరికాదు. చాలసార్లు ఎవరును తాకకయే తెగును. పరుగెత్తుచు చటుక్కున ఆగినపుడు, ఖోఖోలో స్తంభమువద్ద గిరుక్కున తిరిగినపుడు, వాలీబాలులో ఎగిరి మోకాలు వంచక ఒంటికాలిపై దిగినపుడు, పాదము నేలకు అంటియుండగా దేహము వేరు దిక్కునకు తిరుగును. ఆ మెలికలో పట్టీ తెగును. ఒకే ఆట ఆడు బాలురకంటె బాలికలకు ఈ గాయము రెండు మూడు రెట్లు ఎక్కువ. అందులకై బాలికలచే ఆట మాన్పించుట తగదు. సరియైన శిక్షణ నిచ్చుటయే తగును.

ఆటకు ముందు పదునైదు ఇరువది నిమిషములు మెల్లగా పరుగెత్తవలెను, గుంజీలు తీయవలెను, ఒంటికాలిపై నిలువవలెను, ఎగిరి రెండు పాదములపై, మోకాళ్ళు వంచి, చప్పుడు కాకుండ దిగుట నేర్వవలెను. దిగునపుడు మోకాళ్ళు లోపలికి వాలరాదు. వారమునకు రెండు మూడుమారులు విడువక ఇట్లు చేసిన బాలికలలో ఈ గాయము సుమారు సగమునకు తగ్గినదని పరిశోధనలు తెలుపుచున్నవి. తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో 2018లో వెలసిన ఇన్‌స్పైర్ క్రీడాసంస్థ వంటి చోట్ల ఇట్టి వ్యాయామములు శిక్షణలో భాగము. వీనికి పైకము అక్కరలేదు. మన బడిలోను చేయవచ్చును. మన నల్లరేగడి నేల ఎండిన బీటలు వారును గనుక, గుంటలు పూడ్చి, రాళ్ళు ఏరి మరీ ఆడవలెను.

మోకాలిలో 'టప్' మని శబ్దమై, కొద్ది గంటలలో వాచి, కాలు పట్టు తప్పినచో ఆట వెంటనే మానవలెను. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదునైదు నిమిషములుంచి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా పెట్టవలెను. నూనె రాచి మర్దించుట, కాలు లాగించుట కూడదు. ఎక్స్‌రేలో ఎముకయే కనబడును. పట్టీ సంగతి వైద్యుని చేతిపరీక్షవలనను, ఎం.ఆర్.ఐ. వలనను తెలియును.

అన్నిటికంటె పెద్ద కీడు దాచుట. తండ్రి కోపపడునని దాచి, వాపు తీయగానే మరల ఆడు పిల్లలు కలరు. పట్టు తప్పిన మోకాలు మరల మరల మెలిపడి, లోపలి మెత్తని దిండు వంటి భాగమును కూడ చెడగొట్టుకొనును. కావున పిల్లలు దాచరాదు, పెద్దలు దండింపరాదు.

నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో ఆటలో మోకాలి పట్టీ తెగినది. శస్త్రచికిత్సలకు, కఠిన వ్యాయామములకు ఓర్చుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేతయైరి. అంతకుముందు 1980లో ఆ కీర్తి గడించిన భారతీయుడు కన్నడిగులగు ప్రకాశ్ పదుకొణె గారు. గోపీచంద్ గారు బెంగుళూరులో ఆయన కడ శిక్షణ పొందినవారే. గాయము ఆటకు అంతము కాదు, అజాగ్రత్తయే అంతము.