డ్యూన్ బగ్గీ ఇరుసులు, సస్పెన్షన్

డ్యూన్ బగ్గీ అనగా ఇసుక తిన్నెల మీద, ఎడారి బాటల మీద, రోడ్డు లేని ఇతర నేలల మీద నడపడానికి తయారుచేసే తేలికపాటి మోటారు వాహనము. చక్రాలను వాహనపు చట్రానికి కలుపుతూ గతుకుల తాకిడిని ఇముడ్చుకొనే భాగాల కూర్పును సస్పెన్షన్ అంటారు. గేరుపెట్టె నుండి చక్రానికి శక్తిని అందించే కడ్డీ ఇరుసు. మామూలు కార్ల కొరకు తయారైన ఈ భాగాలు ఎడారి పరుగుకు చాలవు. అందువలన బగ్గీ నిర్మాతలు వాటిని చిన్న వర్క్‌షాపులలో ఒక్కొక్క వాహనానికి తగిన కొలతలతో ప్రత్యేకంగా తయారు చేస్తారు. ఒక భాగాన్ని బలపరచినపుడు దాని భారం పక్క భాగానికి చేరుతుంది. కాబట్టి విరగవలసి వస్తే ముందుగా ఏ భాగం విరగాలో నిర్ణయించుకోవడం ఈ పనిలో ముఖ్యమైన అంశము. నడిపేవారి ప్రాణభద్రత దీని మీదనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ఈ వాహనాలు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రాచుర్యం పొందాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇందుకు అనుకూలంగా ఉండేది. దాని ఇంజను వెనుక భాగంలో ఉండడం వలన బరువులో ఎక్కువ భాగం నడిపే చక్రాల మీద పడి ఇసుకలో పట్టు దొరుకుతుంది. ఇంజను గాలితో చల్లబడేది కనుక రేడియేటరు, నీరు అవసరం లేదు. పాత కార్లు చౌకగా లభించేవి.

పడవల నిర్మాణంలో అనుభవం గల బ్రూస్ మేయర్స్ 1964లో ఫైబర్‌గ్లాసు ఒడలితో మేయర్స్ మాంక్స్ అనే బగ్గీని రూపొందించాడు. తరువాత అమ్మిన కిట్లలో బీటిల్ కారు నేలచట్రాన్ని సుమారు 37 సెంటీమీటర్ల మేర కురచ చేసి, దాని మీద ఈ ఒడలిని బిగించేవారు. 1967లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో టిహువానా నుండి లా పాజ్ వరకు జరిగిన మొదటి మెక్సికన్ 1000 పందెంలో విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ మేయర్స్ మాంక్స్ నడిపి 27 గంటల 38 నిమిషాలలో గెలుపొందారు. ఈ పందెమే తరువాతి కాలంలో బాహా 1000గా ప్రసిద్ధి చెందింది. ఇటువంటి దూర పందేలు మొదలైన తరువాత కారు నుండి తీసిన భాగాల పరిమితులు బయటపడ్డాయి. వాటిని బలపరచడం, కొత్తగా తయారు చేయడం ఒక ప్రత్యేక వృత్తిగా ఏర్పడింది. బ్రూస్ మేయర్స్ 2021లో తన 94వ ఏట మరణించాడు.

ముందు సస్పెన్షన్

బీటిల్ ముందు భాగంలో ఒకదాని మీద ఒకటిగా రెండు అడ్డ గొట్టాలు ఉంటాయి. ఈ జంటను బీమ్ అంటారు. ప్రతి గొట్టం లోపల సన్నని ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. కట్ట మధ్యభాగం గొట్టానికి బిగించబడి ఉంటుంది. దాని రెండు కొనలకు వెనుకవైపు చాచిన చేతులు, వాటికి చక్రాలు అమరుతాయి. చక్రం గతుకు ఎక్కినపుడు చెయ్యి పైకి లేచి పట్టీల కట్టను మెలితిప్పుతుంది. మెలిపడిన ఉక్కు తిరిగి తన స్థితికి రావడానికి చేసే ప్రయత్నమే ఇక్కడ స్ప్రింగుగా పనిచేస్తుంది.

బగ్గీ నిర్మాతలు ఈ బీమ్‌ను వెడల్పు చేయడం, చేతుల పొడవు పెంచడం పరిపాటి. చెయ్యి పొడవైతే చక్రం పైకి కిందికి కదలగల దూరం పెరుగుతుంది. అయితే దీనితోపాటు మరి రెండు మార్పులు జరుగుతాయి. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల చేతిని 50 సెంటీమీటర్లకు పెంచితే, అదే తాకిడికి చేతి మొదట్లో పడే వంపు బలం 25 శాతం పెరుగుతుంది. చక్రం వద్ద స్ప్రింగు గట్టితనం చేతి పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది కనుక అది 64 శాతానికి తగ్గుతుంది. అనగా పట్టీల కట్టను మార్చకుండా చేతిని మాత్రమే పొడిగిస్తే వాహనం మెత్తబడి, గతుకులలో అడుగుభాగం నేలను తాకుతుంది. గొట్టం లోపల చేతిని మోసే బేరింగుల మీద కూడా భారం పెరుగుతుంది. కాబట్టి చెయ్యి, కట్ట, బేరింగు, షాక్ అబ్జార్బరు అన్నిటినీ కలిపి లెక్కించవలసి ఉంటుంది.

1966 మోడల్ నుండి బీటిల్ కార్లలో చక్రపు కీలు వద్ద గుండు కీళ్ళు (బాల్ జాయింట్లు) వచ్చాయి. అంతకు ముందు కింగ్ పిన్, లింక్ పిన్ అనే చీలల అమరిక ఉండేది. గుండు కీలు కొంత కోణం దాటిన తరువాత బిగుసుకుపోతుంది. అందువలన ఎక్కువ కదలిక కోరే బగ్గీలలో పాత చీలల అమరికకే ఆదరణ ఉంది.

వెనుక ఇరుసులు

పాత బీటిల్ కార్లలో వెనుక ఇరుసు గేరుపెట్టె వద్ద మాత్రమే కీలు కలిగి ఊగుతుంది. దీనిని స్వింగ్ యాక్సిల్ అంటారు. చక్రం కిందికి వేలాడినపుడు దాని అడుగుభాగం లోపలికి వంగుతుంది. వేగంగా మలుపు తిరిగినపుడు బయటి చక్రం ఈ విధంగా ముడుచుకుపోయి వాహనం వెనుక భాగాన్ని పైకి ఎత్తగలదు, అపుడు బోల్తా పడే ప్రమాదం ఉంటుంది. నిర్మాత సస్పెన్షన్‌ను ఎత్తు చేసిన కొద్దీ ఈ ప్రమాదం ఎక్కువవుతుంది. చక్రం మరీ కిందికి వేలాడకుండా పట్టీ కట్టడం దీనికి సులభమైన నివారణ.

1969 మోడల్ నుండి అమెరికాలో అమ్మిన బీటిల్ కార్లకు స్వతంత్ర వెనుక సస్పెన్షన్ వచ్చింది. ఇందులో ఒక్కొక్క ఇరుసుకు రెండు కొనలలోను స్థిరవేగ కీళ్ళు (సి.వి. జాయింట్లు) ఉంటాయి. చక్రం ఎంత పైకి లేచినా దాని వాలు అంతగా మారదు. నేటి ఎడారి బగ్గీలు ఈ పద్ధతినే అనుసరిస్తాయి. పెద్ద పందెపు బగ్గీలలో వెనుక చక్రం అర మీటరుకు మించి కదలగలదు. అంత కదలికలో ఇరుసు వంపు కోణం పెరిగి కీళ్ళు వేడెక్కుతాయి, పరిమితి దాటితే పగులుతాయి. పొడవైన ఇరుసు వాడితే అదే కదలికకు కోణం తగ్గుతుంది. వెనుక సస్పెన్షన్‌ను వెడల్పు చేయడానికి ముఖ్యమైన కారణం ఇదే.

లోహము, తయారీ విధానము

చేతులకు, చట్రానికి 4130 అనే క్రోమియం-మాలిబ్డినం ఉక్కు గొట్టాలను ఎక్కువగా వాడుతారు. ఇందులో కార్బన్ సుమారు 0.3 శాతం, క్రోమియం సుమారు 1 శాతం ఉంటాయి. సాధారణ మెత్తని ఉక్కు కంటె ఇది బలమైనది. కాబట్టి పలుచని గొట్టంతోనే అవసరమైన బలం వస్తుంది. గొట్టాల కొనలను ఒకదానికొకటి సరిగా ఆనేలా కోసి, కొలతలు మారకుండా జిగ్ అనే బిగింపు చట్రంలో అమర్చి వెల్డింగు చేస్తారు. వెల్డింగు చేసిన చోటును నీటితో చల్లార్చరాదు. హఠాత్తుగా చల్లబడిన ఉక్కు పెళుసై పగులుతుంది.

ఇరుసుల విషయం వేరు. మెలి బలాన్ని తట్టుకొనే శక్తి కడ్డీ వ్యాసం యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 28 మిల్లీమీటర్లది వాడితే బలం సుమారు 40 శాతం పెరుగుతుంది. 4340, 300ఎమ్ వంటి ఉక్కులను లేత్ యంత్రం మీద తరిమెనపట్టి, కొనలలో స్ప్లైన్లు అనే పళ్ళ గాళ్ళు తీర్చి, ఉష్ణోపచారంతో గట్టిపరుస్తారు. మంచి ఇరుసులో నడిమి భాగం స్ప్లైన్ల గాడి అడుగు కంటె కొంచెం సన్నగా ఉంటుంది. దీని వలన మెలి కడ్డీ పొడవునా సమంగా పంచబడుతుంది. లేనిచో ఒత్తిడి అంతా గాడి మూలలో చేరి అక్కడే పగులు మొదలవుతుంది.

పొడవు చాలని ఇరుసును మధ్యలో కోసి ముక్క అతికి వెల్డింగు చేయడం ప్రమాదకరము. ఉష్ణోపచారంతో వచ్చిన బలం వెల్డింగు వేడికి అతుకు చుట్టూ నశిస్తుంది. పైకి నునుపుగా కనిపించిన అతుకు కూడా పదేపదే మెలిపడగా తెగిపోవచ్చు.

భద్రతా సూత్రాలు

చేతులను చట్రానికి కలిపే బోల్టును రెండు వైపులా ఆధారం ఉండేలా అమర్చాలి. అపుడు భారం రెండు కోత తలాల మీద పంచబడుతుంది. ఒకవైపు మాత్రమే ఆధారం ఉన్న బోల్టు వంగి, మొదట్లో విరుగుతుంది. చక్రం కదలిక హద్దులను నైలాను పట్టీలు, రబ్బరు ఆనుడు దిమ్మలు నియంత్రించాలి. పట్టీ ధర తక్కువ, దానిని మార్చడం తేలిక. అది లేకపోతే అదే కుదుపును షాక్ అబ్జార్బరు లేదా స్థిరవేగ కీలు భరించవలసి వస్తుంది. ఇరుసు తెగితే వాహనం సాధారణంగా శక్తి కోల్పోయి ఆగుతుంది, స్టీరింగు కడ్డీ లేదా ముందు చెయ్యి విరిగితే అదుపు తప్పుతుంది. అందుచేత స్టీరింగు భాగాలకు అన్నిటికంటె ఎక్కువ బలం ఉంచుతారు. లోహం అలసట వలన ఏర్పడే సన్నని పగుళ్ళను రంగు ద్రవంతో గాని, అయస్కాంత రజనుతో గాని గుర్తిస్తారు. పందెం ముగిసిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయడం మంచి పద్ధతి.

భారతదేశంలో

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం నమోదైన వాహనపు మౌలిక నిర్మాణాన్ని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చరాదు. 2019లో సుప్రీం కోర్టు ఈ నిబంధనను మరల ధ్రువీకరించింది. కావున ఇటువంటి సొంత తయారీ వాహనాల పరిధి ప్రైవేటు స్థలాలు, పోటీలకే పరిమితమై ఉంది.

ఇంజనీరింగు విద్యార్థులకు ఈ విద్యను నేర్చుకొనే అవకాశం బాహా పోటీల ద్వారా లభిస్తుంది. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పోటీని 2007 నుండి ఎస్.ఏ.ఈ. ఇండియా మన దేశంలో నిర్వహిస్తున్నది. మొదటి పోటీ మధ్య ప్రదేశ్ లోని ఇందౌర్ సమీపాన పీథంపూర్ లో జరిగింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లు కూడా ఇందులో పాల్గొంటూ వచ్చాయి. విద్యార్థులు ఒకే సీటు గల బగ్గీని రూపొందించి తామే నిర్మిస్తారు. లెక్క తప్పిన చెయ్యి, సరిపోని ఇరుసు ఏదైనా ఉంటే చివర జరిగే నాలుగు గంటల ఓర్పు పరుగులో బయటపడుతుంది.