దత్తాంశ నిధులలో మార్పులు చేయు విధానము

ప్రతి ఉన్నత పాఠశాలలోను ప్రవేశపు రిజిస్టరు ఒకటి ఉండును. అందులో సంఖ్య, పేరు, పుట్టిన తేది మొదలగువానికి నిలువు వరుసలు గీయబడి ఉండును. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డు వరుస కేటాయింపబడును. కంప్యూటరులో ఇట్టి పట్టికల సముదాయమును దత్తాంశ నిధి, లేక డేటాబేస్ అందురు. దత్తాంశమును ఈ రీతిగా అమర్చుటకు వలయు గణితశాస్త్ర సిద్ధాంతమును ఇ. ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించెను. నేడు బ్యాంకు లెక్కలు, పరీక్షల మార్కులు, ఆసుపత్రి వివరములు అనేకము ఇట్టి పట్టికలలోనే నిలువ చేయబడుచున్నవి.

కాలము గడచిన కొలది రిజిస్టరులో కొత్త వరుసలు అవసరమగును. ఒకప్పుడు ఫోను సంఖ్య వ్రాయు ఆచారము లేదు. నేడు అది లేనిదే పని జరుగదు. కాగితముపై ఒక గీత గీసినచో సరిపోవును. కంప్యూటరులో ఈ చిన్న పనికే ఒక క్రమశిక్షణ కావలెను. ఏల?

ప్రోగ్రాము వ్రాయువారు దానిని మొదట తమ కంప్యూటరులో నడిపి చూతురు. పిమ్మట పరీక్షకై ప్రత్యేకించిన వేరొక యంత్రమునకు చేర్చుదురు. అక్కడ తప్పులు లేవని తేలిన తరువాతనే ప్రజలు వాడు యంత్రములో ఉంచుదురు. వీనిని అభివృద్ధి స్థలము, పరీక్షా స్థలము, వినియోగ స్థలము అని పిలుతము. మూడు చోట్లను మూడు వేర్వేరు డేటాబేసులు ఉండును. ప్రోగ్రామును మార్చుట సులభము: పాతదానిని తీసివేసి కొత్తదానిని పెట్టవచ్చును. డేటాబేసును అట్లు మార్చుటకు వీలులేదు. వినియోగ స్థలములోని పట్టికలో లక్షలాది ప్రజల వివరములు నిండి ఉండును. వ్రాసినది చెరగకుండ, ఆ పట్టికలోనే కొత్త గీత గీయవలెను.

ఈ పనిని చేతితో, జ్ఞాపకముపై ఆధారపడి చేసినచో, ఒకచోట చేసిన మార్పు మరియొకచోట మరపునకు వచ్చును. కావున ప్రతి మార్పును ఒక చిన్న ఫైలులో ఆజ్ఞల రూపమున వ్రాసి, దానికొక వరుస సంఖ్య ఇత్తురు. ఇట్టి ఫైలునే మైగ్రేషన్ అందురు. ఏయే ఫైళ్లు అమలు జరిగినవో డేటాబేసు తనలోనే ఒక ప్రత్యేక పట్టికలో గుర్తుంచుకొనును. పరీక్షా స్థలమున 14 వరకును, వినియోగ స్థలమున 11 వరకును అమలు జరిగినవనుకొందము. అప్పుడు సాధనము వినియోగ స్థలమున 12, 13, 14 ఫైళ్లను మాత్రమే అదే వరుసలో నడుపును.

ఇద్దరు పనివారు ఒకే సమయమున 15వ ఫైలు వ్రాసినచో ఏమగును? ఈ చిక్కును తీర్చుటకై 2008లో వెలువడిన రైల్స్ 2.1లో వరుస సంఖ్యకు బదులు, ఫైలు పుట్టిన తేదీని, గంట, నిమిషము, సెకండులతో సహా వాడసాగిరి. ఒకసారి అమలైన ఫైలును దిద్దరాదు. దిద్దుబాటు కావలసినచో కొత్త ఫైలు వ్రాయవలెను. ఫ్లైవే అను సాధనము ప్రతి ఫైలునకు ఒక సరిచూపు సంఖ్యను లెక్కించి దాచును. తరువాత ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య కలియదు. వెంటనే తప్పు బయటపడును.

ఇంత క్రమము పాటించినను, పరీక్షలో నెగ్గిన మార్పు వినియోగములో ఓడిపోవచ్చును. "పేరు" అను ఒక వరుసను "ఇంటిపేరు", "వ్యక్తిపేరు" అని రెండుగా విభజింపదలచితిమనుకొందము. పరీక్షా పట్టికలో ఇరువది పేర్లు. అన్నిటికి ముందు ఇంటిపేరు కలదు. ఇంటిపేరు ఖాళీగా ఉండరాదను నియమము అక్కడ చక్కగా నడచును. వినియోగ పట్టికలోనో, ఇంటిపేరు వ్రాయనివారు, దానిని చివర వ్రాయువారు కూడ ఉందురు. ఆజ్ఞ మధ్యలో ఆగిపోవును. అట్టి సమయమున పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులు మొత్తము మార్పును రద్దుచేసి పూర్వస్థితికి రాగలవు. మై ఎస్‌క్యూఎల్‌లో పట్టిక రూపమును మార్చు ప్రతి ఆజ్ఞయు అప్పటికప్పుడే స్థిరపడును. కావున సగము మార్పు మిగిలిపోవు ప్రమాదము కలదు.

మరియొక సంగతి. తీసివేసిన వరుసను మరల చేర్చవచ్చును గాని, అందులోని విలువలు తిరిగి రావు. కావున నేర్పరులు మొదట కొత్త వరుసలను చేర్చుదురు. కొంతకాలము ప్రోగ్రాము పాత, కొత్త వరుసలు రెండింటిలోను వ్రాయును. ఈలోగా పాత విలువలను కొత్తవానిలోనికి నింపుదురు. పిమ్మట కొత్తవానినే చదువునట్లు చేయుదురు. పాత వరుసను అన్నిటికంటె చివరకు తొలగింతురు.

స్థలభేదమును మరచుట ఎంత ప్రమాదకరమో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన సంఘటన తెలుపును. ఒక ఇంజనీరు సహాయక యంత్రములోని దత్తాంశమును తుడిచివేయబోయి, పొరపాటున ప్రధాన యంత్రముపై ఆ ఆజ్ఞ ఇచ్చెను. సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలెను. ప్రతిదినము నకలు తీయవలసిన సాధనము 9.2 సంచికకు, డేటాబేసు 9.6 సంచికకు చెందుటచే, ఆ నకళ్లు అసలు తయారే కాలేదు. పరీక్షా స్థలము కొరకు దాదాపు ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి వారిని కాపాడెను. ఆ ఆరు గంటల దత్తాంశము మాత్రము పోయెను. ఇది మైగ్రేషన్ వలన కలిగిన నష్టము కాదు. అయినను ఏ ఆజ్ఞ ఇచ్చుటకు ముందైనను ఏ స్థలమున ఉన్నామో చూచుకొనవలెననియు, తిరిగి తెరచి చూడని నకలును నమ్మరాదనియు ఇది బోధించుచున్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. మూడు నోటుపుస్తకములలో ఒకే పట్టిక గీయించుడు. మొదటిదానిని ఖాళీగా ఉంచి, రెండవదానిలో పది కల్పిత నామములు, మూడవదానిలో తరగతిలోని వారందరి పేర్లు వ్రాయించుడు. మార్పులను చీటీలపై వరుస సంఖ్యలతో వ్రాసి, మూడు జట్లకు ఇచ్చి, అమలైన చీటీ సంఖ్యను అట్టపై గుర్తింప చెప్పుడు. ఏ చీటీ దగ్గర మూడవ జట్టు ఆగిపోవునో, అక్కడ అసలు పాఠము మొదలగును.