రూల్‌నే ప్రశ్నించిన రాయబారి

క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ రాగానే చదవకుండా సంతకం పెట్టేశాను. రెండేళ్ల బాండ్ ఉందని చేరాకే తెలిసింది! సి.బి. ముత్తమ్మ పుస్తకం ‘స్లెయిన్ బై ది సిస్టమ్’ గురించి చదివినప్పుడు ఆ సంతకమే గుర్తొచ్చింది.

కొడగులో పుట్టి, మద్రాసులో చదువుకున్న ముత్తమ్మ 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరిన తొలి మహిళ. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే రాసివ్వాల్సి వచ్చింది. మగ ఆఫీసర్లకు ఆ షరతు లేదు. అయినా హంగరీలో రాయబారి స్థాయికి ఎదిగారు.

తర్వాత పదోన్నతి ఆపేసరికి, వివక్ష చూపే రూల్స్‌ని ఎత్తిచూపుతూ సుప్రీంకోర్టుకెళ్లారు. ఈలోగా ప్రభుత్వం పదోన్నతి ఇచ్చేసింది. దాంతో 1979లో కోర్టు పిటిషన్ కొట్టేసింది. కానీ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అక్కడితో వదల్లేదు. సర్వీస్ రూల్స్ అన్నింటినీ సరిచూసి, వివక్ష తొలగించాలని తీర్పులో గట్టిగా చెప్పారు.

కేసు పోయినా మాట నిలిచింది. ఆమె 1982లో రిటైరయ్యారు. ఇప్పుడు ఫారిన్ సర్వీస్‌లో చేరే అమ్మాయిని అలా రాసిమ్మని ఎవరూ అడగరు.

మీకూ రేపో మాపో ఆఫర్ లెటర్ వస్తుంది. జీతం అంకె దగ్గరే ఆగిపోకండి. షరతులన్నీ చదవండి, అర్థంకానిది అడగండి. సంతకం పెట్టేశాక కూడా అడిగే హక్కు పోదు. ముత్తమ్మ ముప్పై ఏళ్ల తర్వాత అడిగారు మరి!