పీడితుడి దువాకు అడ్డుతెర లేదు

ముఆజ్ బిన్ జబల్ అనే సహచరుణ్ని ముహమ్మద్ ప్రవక్త యెమెన్‌కు పంపారు. అక్కడివాళ్లకు ధర్మం చెప్పడం, ఉన్నవాళ్ల దగ్గర జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) వసూలు చేసి లేనివాళ్లకు పంచడం ఆయనకు అప్పగించిన పని. బయల్దేరేముందు చెప్పిన జాగ్రత్తలు ప్రవక్త మాటలను, చేతలను నమోదు చేసిన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నాయి. జకాత్ పేరుతో జనం సొమ్ములో మేలైనవి ఏరుకోవద్దన్నారు. ఆ వెంటనే, పీడితుడి దువాకు (వేడుకోలుకు) భయపడమని, దానికీ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదని హెచ్చరించారు.

కష్టాల్లో చేసుకునే దువాల గురించి ఎవరు రాసినా ఈ మాటను తప్పక ఉదహరిస్తారు, బాధపడేవాళ్లకు ఓదార్పుగా. ఓదార్పే, కాదనను. కానీ ఆ రోజు ఆ మాట విన్నది బాధితుడు కాదు. చేతిలో అధికారం ఉన్నవాడు, రేపు నలుగురి గడపలకూ వసూలుకు వెళ్లబోయేవాడు. ఇస్లాంలోని రక్షణ దువాలకు ఇలా రెండు ముఖాలున్నాయి. జేబులో పట్టే దువా పుస్తకాల్లో సాధారణంగా మనకు ఒకటే కనిపిస్తుంది. రెండోది కూడా చూస్తేనే ఈ దువాల బలం ఎక్కడుందో తెలుస్తుంది.

ముస్లిమేతర పాఠకుల కోసం ఒక చిన్న వివరణ. నమాజు వేరు, దువా వేరు. నమాజుకు వేళలున్నాయి, రకాత్‌ల (ఆవృత్తుల) లెక్క ఉంది, ముందు వుజూ చేసుకోవాలి, అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవాలి. దువాకు అవేవీ తప్పనిసరి కావు. చేతులెత్తి, ముందు దైవాన్ని స్తుతించి, ప్రవక్తపై దరూద్ (శుభాలు కోరే మాటలు) చదివి, ఆ తర్వాత కోరుకునేది కోరుకుని ఆమీన్ అనడం మర్యాద. ఖుర్ఆన్, హదీసుల్లోని దువాలు అరబీలో ఉంటాయి. కానీ నమాజు అయ్యాక ఒక తల్లి తన బిడ్డ కోసం తెలుగులో వేడుకుంటే అదీ దువాయే. రాత్రి చివరి మూడో భాగం, సజ్దాలో నుదురు నేలకానిన క్షణం, నమాజుకు పిలిచే అజాన్‌కూ, నమాజు మొదలవుతోందని చెప్పే ఇఖామత్‌కూ మధ్య సమయం, ఇలా దువాకు మేలైన వేళలంటూ కొన్ని ఉన్నాయి. ఆపదలో ఉన్నవాడు మాత్రం వేళ చూసుకోనక్కర్లేదు.

ఖుర్ఆన్‌లోని ఆపత్కాలపు దువాల్లో నన్ను ఎక్కువగా కదిలించేది మూసా ప్రవక్తది. ఆయన చేతి దెబ్బకు ఈజిప్టులో ఒక మనిషి చనిపోయాడు. నగర పెద్దలు తనను చంపడానికి మంతనాలాడుతున్నారని తెలిసి, భయం భయంగా, వెనక్కి చూసుకుంటూ ఊరు దాటాడు. ఆ దారిలో ఆయన అడిగింది ఒకటే, జాలిముల (దౌర్జన్యపరుల) బారి నుంచి కాపాడమని. చివరికి మద్‌యన్ చేరాడు. అక్కడ బావి దగ్గర కాపరులు తమ మందలకు నీళ్లు పెట్టుకుంటున్నారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం తమ మందను అదిలిస్తూ ఒక పక్కన ఆగిపోయారు. తండ్రి ముసలివాడు, మగవాళ్లందరూ వెళ్లేదాకా తమ వంతు రాదు. మూసా వాళ్ల మందకు నీళ్లు పెట్టి నీడకు వెళ్లి కూర్చున్నాడు. అప్పుడు చేసిన దువాలో అన్నం అడగలేదు, గూడు అడగలేదు, పని అడగలేదు. నువ్వు ఏ మేలు దించినా దానికి నేను అవసరంలో ఉన్నవాణ్నేనని మాత్రం విన్నవించుకున్నాడు. కాసేపటికే ఆ పిల్లల్లో ఒకామె సిగ్గుపడుతూ వచ్చి నాన్న పిలుస్తున్నాడని చెప్పింది. ఆ ఇంట ఆయనకు ఆశ్రయం దొరికింది, ఎనిమిదేళ్లో పదేళ్లో పనిచేసే ఒప్పందం కుదిరింది, పెళ్లి కూడా అయింది. ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో (అధ్యాయంలో) ఈ కథ చదివేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తన తలదాచుకునే చోటే తెలియని మనిషి, ముందు వేరొకరి కష్టం తీర్చాడు. ఆ తర్వాతే తన కోసం అడిగాడు.

మరి ముహమ్మద్ ప్రవక్తకు తాయిఫ్ పట్టణంలో ఎదురైన సంగతి. భార్య ఖదీజా, అండగా నిలిచిన పెదనాన్న అబూ తాలిబ్ పోయిన సంవత్సరాన్ని ముస్లిం చరిత్రకారులు దుఃఖ సంవత్సరమంటారు. ఆ రోజుల్లో, సుమారు 619లో, ముహమ్మద్ ప్రవక్త ఆదరణ వెతుక్కుంటూ తాయిఫ్ వెళ్లారు. సఖీఫ్ తెగ పెద్దలు ఎగతాళి చేశారు, అల్లరి మూకను ఉసిగొల్పి రాళ్లు వేయించారు. ఒక ద్రాక్షతోటలో తలదాచుకున్నప్పుడు, నైనెవా నుంచి వచ్చిన అద్దాస్ అనే క్రైస్తవ బానిస ఆయనకు పళ్లు తెచ్చిచ్చాడు. అక్కడ ప్రవక్త చేసినట్టు చెప్పే దువా చాలా ప్రసిద్ధం. తన నిస్సహాయతనూ, జనం దృష్టిలో తాను చులకనైపోవడాన్నీ అందులో దైవానికి మొరపెట్టుకుంటారు. నీ ఆగ్రహం నా మీద లేకపోతే ఇదంతా నాకు లెక్కలేదు, అయినా నీ నుంచి వచ్చే క్షేమం నాకు మరింత విశాలమని అంటారు. ఈ పాఠాన్ని అందించిన కథకుల పరంపర బలహీనంగా ఉందని హదీసు పండితుల్లో చాలామంది చెప్పారు. అది తెలిసీ తరతరాలుగా చదువుతున్నారు, ఎందుకంటే అందులో ఉన్న అలసట నిజమైనది. ఆ ప్రయాణం గురించి బుఖారీ గ్రంథంలో ఉన్న కథనానికి మాత్రం గట్టి ఆధారముంది. ఉహుద్ యుద్ధం కంటే కష్టమైన రోజు మీకు ఏదైనా ఉందా అని భార్య ఆయిషా అడిగితే ప్రవక్త ఈ రోజునే తలచుకున్నారు. కొండలపై నియమితుడైన దేవదూత వచ్చి, మీరు సరేనంటే రెండు కొండలను వీళ్ల మీద కూల్చేస్తానన్నాడట. ఆయన వద్దన్నారు. వీళ్ల కడుపున పుట్టబోయేవాళ్లయినా దేవుణ్ని కొలుస్తారేమోనని తన ఆశ.

బాధను దాచుకోకుండా చెప్పుకోవడం ఇక్కడ తప్పు కాదు. కొడుకును పోగొట్టుకున్న యాఖూబ్ ప్రవక్త తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానన్నట్టు ఖుర్ఆన్ చెబుతుంది. సహనమంటే పళ్లు బిగించి నోరు మూసుకోవడమని అనుకునేవాళ్లు ఈ చోట్లు మళ్లీ చదవాలి.

యూనుస్ ప్రవక్త దువా ఇంకో రకం. చేప కడుపులో చిక్కుకున్నప్పుడు ఆయన చేసిన ఆ దువాను మన దక్కన్ ముస్లిం ఇళ్లలో ఆయతె కరీమా అంటారు. చిత్రమేమిటంటే అందులో కోరికే లేదు. నీవు తప్ప దైవం లేడని ఒప్పుకుంటాడు, నీవు పరిశుద్ధుడవంటాడు, తప్పు చేసిన జాలిముల్లో తానూ ఒకణ్నని అంగీకరిస్తాడు. అంతే. బయటపడెయ్యమన్న మాట ఎక్కడా లేదు. ఇంట్లో పెద్ద జబ్బు చేసినా, కోర్టు కేసు మీదపడినా, కొడుకు గల్ఫ్‌లో చిక్కుకుపోయినా చుట్టాలు, ఇరుగుపొరుగు చేరి చింతగింజలో ఖర్జూరపు గింజలో కుప్పపోసుకుని ఈ దువాను లక్షా పాతికవేల సార్లు పూర్తిచేసే ఆనవాయితీ ఉంది. ఈ లెక్క హదీసులో లేదు కాబట్టి దాన్ని నియమంగా పెట్టుకోవద్దని కొందరు ఉలమా (మత పండితులు) అంటారు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. అయినా, కష్టంలో ఉన్న ఇంటిని ఆ గంటలపాటు ఒంటరిగా వదలని ఆ కూడిక అంటే నాకు గౌరవం.

రోజువారీ రక్షణకు చదివేవి చిన్నవి. పడుకునేముందు ఖుర్ఆన్‌లోని ఆయతుల్ కుర్సీ అనే వాక్యం. ఆ తర్వాత ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, అరచేతుల్లో ఊదుకుని ఒంటిమీద తుడుచుకోవడం. ప్రవక్త ప్రతి రాత్రీ ఇలా చేసేవారని ఆయిషా చెప్పారు. ఈ చివరి రెండు సూరాల వరుస చూడండి. మొదటిది చీకటి, చేతబడి, అసూయపరుడి కన్ను, అంటే బయటి కీడుల నుంచి శరణు కోరుతుంది. రెండోది మనసులో గుసగుసలాడే కీడు నుంచి.

అలాగే ప్రవక్త తరచూ చేస్తుండగా విన్నానని సహచరుడు అనస్ చెప్పిన ఒక దువాలో ఎనిమిది ఆపదలు నాలుగు జంటలుగా ఉంటాయి. దిగులు, దుఃఖం ఒక జంట. చేతకానితనం, సోమరితనం ఇంకొకటి. పిసినారితనం, పిరికితనం మూడోది. నాలుగోది అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం. వడ్డీవాడికి మొహం చాటేసి పెరటి గుమ్మం నుంచి ఇంట్లోకి వచ్చినవాళ్లకు చివరి జంట ఎందుకు కలిసిందో ఎవరూ వివరించక్కర్లేదు. ఈ దువాలో నాకు అపురూపంగా తోచేది దాని నడక. మనిషిని లోపలి నుంచి కుంగదీసేవన్నీ ముందు వస్తాయి. బయటివాడి దౌర్జన్యం ఆఖర్న వస్తుంది. లోపల కూలిపోయినవాడు బయట నిలబడలేడు కదా.

దువా చేసి చేతులు ముడుచుకోవాలా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఒంటెను కట్టేసి దేవుడిపై భారం వేయాలా, వదిలేసి వేయాలా అని ఒకాయన అడిగితే, కట్టేసి వేయమని ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ గ్రంథంలో ఉంది. హస్బునల్లాహ్ (మాకు అల్లాహ్ చాలు) అని మొదలయ్యే దువా పుట్టుపూర్వోత్తరాలు కూడా ఇదే చెబుతాయి. నిప్పుల్లో పడేసినప్పుడు ఇబ్రాహీం ప్రవక్త అన్న మాట అదేనని సహచరుడు ఇబ్న్ అబ్బాస్ చెప్పారు. ఉహుద్‌లో దెబ్బతిన్న మర్నాడు, శత్రువులు మళ్లీ కూడుతున్నారని భయపెట్టినప్పుడు సహచరులు అన్నదీ అదేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. అయితే వాళ్లు ఆ మాట ఇంట్లో కూర్చుని అనలేదు. గాయాలతోనే హమ్రా అల్ అసద్ అనే చోటు దాకా శత్రువుకు ఎదురు వెళ్తూ అన్నారు. కాబట్టి ఫిర్యాదు చేయడం, సాక్ష్యం చెప్పడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం దువాకు పోటీ కావు.

పీడించినవాడికి వ్యతిరేకంగా దువా చేయవచ్చా? చేయవచ్చు. హిజ్రీ 4లో బిఅర్ మఊనా అనే చోట డెబ్బైమంది ఖుర్ఆన్ పఠితలను మోసం చేసి చంపినప్పుడు ప్రవక్త నెలరోజులపాటు నమాజులో ఆ తెగలకు వ్యతిరేకంగా ప్రార్థించారు. మక్కాలో బందీలుగా ఉన్న వలీద్, సలమా, అయ్యాష్‌లను విడిపించమని పేరుపేరునా వేడుకున్నారు కూడా. దాన్నే కునూతె నాజిలా అంటారు. పెద్ద విపత్తు వచ్చినప్పుడు హనఫీ సంప్రదాయపు ఇమాములు ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజులో ఇప్పటికీ చదువుతారు. కానీ ఇందులో ఒక మలుపుంది. ఉహుద్ తర్వాత, తనకు శత్రువులైన మక్కా పెద్దలు సఫ్వాన్ బిన్ ఉమయ్యా, సుహైల్ బిన్ అమ్ర్, హారిస్ బిన్ హిషామ్‌ల పేర్లెత్తి ప్రవక్త శపిస్తున్నప్పుడు ఒక ఖుర్ఆన్ ఆయతు (వాక్యం) దిగిందని బుఖారీలో ఉంది. నిర్ణయం మీ చేతిలో లేదని, వాళ్లను క్షమించడమో శిక్షించడమో అల్లాహ్ పని అని దాని సారాంశం. 630లో మక్కా లొంగాక ఆ ముగ్గురూ ఇస్లాంలోకి వచ్చారు. తనకు అన్యాయం జరిగితే దాన్ని గట్టిగా చెప్పే హక్కు ఖుర్ఆన్ ఇచ్చింది. కానీ ఒక మనిషి చివరికి ఏమవుతాడన్నది మాత్రం దువా చేసేవాడి చేతిలో పెట్టలేదు. నాకు ఇది చాలా న్యాయంగా కనిపిస్తుంది.

ఇక మొదట చెప్పిన ఆ రెండో ముఖం, అధికారం ఉన్నవాడికి హెచ్చరిక. ఇల్లు దాటేటప్పుడు ప్రవక్త చేసే దువాను ఆయన భార్య ఉమ్మె సలమా చెప్పారు. దారి తప్పకుండా, దారి తప్పించకుండా. జారకుండా, జారేలా చేయకుండా. నేను ఎవరిమీదా జులుం (దౌర్జన్యం) చేయకుండా, నా మీద ఎవరూ జులుం చేయకుండా. ఇలా జంటలు జంటలుగా ఆయన శరణు కోరేవారట. ఆఫీసుకో పొలానికో బజారుకో బయల్దేరే మనిషి తాను బాధితుడు కావచ్చని మాత్రమే కాదు, సాయంత్రానికల్లా తన వల్ల ఇంకొకరు బాధితులు కావచ్చని కూడా గుర్తుపెట్టుకుని గడప దాటాలి.

ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లినవారు ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ కొడుకు అలీ జైనుల్ ఆబిదీన్. 680లో కర్బలాలో తండ్రినీ అన్నదమ్ములనూ చంపేశారు. జబ్బుపడి గుడారంలో ఉన్న ఈయన బతికి, సంకెళ్లతో కూఫాకూ దమాస్కస్‌కూ బందీగా వెళ్లారు. మన ఊళ్లలో పీర్ల పండుగ పేరుతో హిందువులు, ముస్లింలు కలిసి తలచుకునే కర్బలా ఇదే. ఈయన పేరుమీద ఉన్న సహీఫా సజ్జాదియాలో 54 దువాలున్నాయి. కుతుబ్‌షాహీల కాలం నుంచి షియా సంప్రదాయం వేళ్లూనిన హైదరాబాదులో అది తెలిసిన పుస్తకమే. అందులో 14వ దువా, జాలిముల చేతిలో బాధపడుతున్నప్పుడు చేసేది. ఎంత ఓర్చుకున్న మనిషి, ఎంతటి శాపానికైనా హక్కున్న మనిషి! అందులో ఆయన అడిగినవాటిలో ఒకటి ఏమిటంటే, నామీద జులుం జరగడం నాకు ఎంత అసహ్యమో, నేను జులుం చేయకుండా నన్ను అంతే కాపాడమని.

38వ దువా ఇంకా ముందుకు వెళ్తుంది. మనుషుల పట్ల చేసిన తప్పులకు క్షమాపణ అది. మేలు చేసినవాడికి కృతజ్ఞత చెప్పకపోవడం, తప్పు ఒప్పుకుని వచ్చినవాణ్ని మన్నించకపోవడం, అడిగిన పేదకు ఇవ్వకపోవడం, ఒకరి హక్కు పూర్తిగా తీర్చకపోవడం, కంటపడిన ఒకరి లోపాన్ని కప్పిపుచ్చకపోవడం, ఇవన్నీ వరుసగా వస్తాయి. వీటన్నిటికంటే ముందు పెట్టింది మాత్రం వేరు. తన కళ్లెదుట ఒకరికి అన్యాయం జరుగుతుంటే తాను సాయం చేయలేకపోయిన ఆ మనిషి గురించి ఆయన మొట్టమొదట క్షమాపణ కోరతారు.